గజ్జల్లో పేలు: భార్యకు చెప్పాలా, వద్దా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. తడలో రూం తీసుకుని నలుగురం ఉంటున్నాం. మూడు వారాలుగా గజ్జల్లో, కింద వెంట్రుకల దగ్గర విపరీతమైన దురద. రాత్రుళ్లు మరీ ఎక్కువ. మెడికల్ షాపులో అడిగితే తామర అని ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన రెండు రోజులు హాయిగా ఉండి మళ్లీ మొదలైంది. మొన్న రాత్రి సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే వెంట్రుక మొదట్లో చిన్న మచ్చలాంటిది ఉంది. గోటితో పీకితే కాళ్లు ఆడించింది. వాంతి వచ్చినంత పనైంది. మొత్తం గొరిగేసుకున్నాను. అయినా తొడల మీద, పొత్తికడుపు మీద దురద పోలేదు. రూంలో తల్లో పేలని అబద్ధం చెప్పి సలహా అడిగితే ఒకరు కిరోసిన్ రాయమన్నారు, ఇంకొకరు కొండకెళ్లి గుండు చేయించుకోమన్నారు. నెలన్నర కిందట స్నేహితుడి పెళ్లికి తిరుపతిలో ఒక లాడ్జిలో దిగాం. బాత్రూం అసహ్యంగా ఉండింది. అక్కడే పట్టి ఉంటాయా? నా భార్య పలమనేరులో పుట్టింట్లో ఉంది, ఇప్పుడు ఐదో నెల. రెండు వారాల కిందట వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చాను. ఆమెకు దురదేమీ లేదు. చెబితే నన్నేమనుకుంటుందో అని టెన్షన్. చెప్పకుండా నేనొక్కడినే మందు వాడితే సరిపోదా? కడుపులో బిడ్డకేమైనా అవుతుందా?
– పేరు రాయలేను, తడ

జవాబు: ముందు మీ చివరి రెండు ప్రశ్నలు. ఈ పేల వల్ల బిడ్డకేమీ కాదు. ఇవి చర్మం మీదే ఉండి రక్తం తాగుతాయి, గర్భం దాకా వెళ్లే దారి వాటికి లేదు. కానీ మీరొక్కరే మందు వాడితే సరిపోదు. ఆమెకు చెప్పాల్సిందే. ఎలా చెప్పాలో కూడా కింద రాస్తాను. ఈ జబ్బులో కష్టమైన పని అదొక్కటే. మందు పని పది నిమిషాల్లో అయిపోతుంది.

మీరు చూసింది పేనే. జననాంగాల దగ్గరి ముతక వెంట్రుకల్లో బతికే పేను అది, డాక్టర్లు క్రాబ్ లైస్ అంటారు. తలలో పేను పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఇది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు, వెడల్పుగా పీత ఆకారంలో ఉంటుంది. ఆరు కాళ్లలో వెనక నాలుగింటికి పెద్ద కొక్కేలుంటాయి. వాటితో ఎడం ఎడంగా ఉండే ముతక వెంట్రుకలను పట్టుకుని చర్మానికి అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని పుట్టుమచ్చో, పొక్కో అనుకుని వదిలేస్తారు. వెంట్రుక మొదట్లో తెల్లగా, కొంచెం పసుపుగా, కోలగా అంటుకుని, గోటితో గీరినా ఊడిరానివి ఈపులు, అంటే దాని గుడ్లు. లోదుస్తుల్లో సన్నటి నల్లపొడి రాలడం, చిన్న చిన్న రక్తపు మరకలు కనబడటం కూడా దీని గుర్తులే. కొందరికి పొత్తికడుపు మీద, తొడల లోపలి వైపు లేత నీలిరంగు మచ్చలు వస్తాయి. అవి పేను కుట్టిన చోట ఏర్పడేవి, వాటంతట అవే పోతాయి. మీకు అలాంటివి కనిపిస్తే కొత్త జబ్బేదో వచ్చిందని భయపడకండి.

ఆ ట్యూబు సంగతి. మెడికల్ షాపతన్ని నేను పూర్తిగా తప్పు పట్టను. మన వైపు ఎండలకు, చెమటకు, రోజంతా వేసుకునే బిగుతు ప్యాంట్లకు గజ్జల్లో దురద అని వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఉండేది తామరే. చూడకుండా అడిగితే ఎవరైనా అదే అంటారు. కానీ అలా చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందుతో పాటు క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. ఆ స్టెరాయిడ్ ఏ దురదనైనా రెండు రోజులు అణచిపెడుతుంది. తామరైనా, గజ్జి అయినా, పేలైనా దానికి ఒకటే. మీకు రెండు రోజులు హాయిగా అనిపించింది అందుకే అయి ఉంటుంది. లోపల పేలు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ పోయాయి. పైగా ఆ చోటి చర్మం మామూలు చర్మం కాదు. 1967లో హైడ్రోకార్టిసోన్ మీద చేసిన ఒక పరిశోధనలో, ముంజేతి చర్మం పీల్చుకున్న దానికంటే వృషణాల మీది చర్మం నలభై రెట్లకు పైగా మందు పీల్చుకున్నట్టు తేలింది. అలాంటి చోట గట్టి స్టెరాయిడ్ వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మంటలు పుట్టి ఇంకో సమస్య మొదలవుతుంది. ఆ ట్యూబు ఈరోజే ఆపేయండి.

కిరోసిన్ విషయంలోనూ అదే లెక్క. అది చర్మాన్ని కాలుస్తుంది, పొరపాటున నిప్పు తగిలితే ఇంకా ఘోరం. ఫినాయిల్, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీస్, పొలానికి కొట్టే పురుగుల మందు ఇవేవీ అక్కడ వద్దు. ఎవరికీ చెప్పుకోలేక ఇలాంటివి రాసుకుని, చివరికి పేలకు కాదు, పుండ్లకు వైద్యం చేయించుకోవలసి వస్తుంది. ఇక గుండు మాట. మొక్కుంటే తీర్చుకోండి, దీనికోసం మాత్రం అక్కర్లేదు. ఈ పేను తలలో ఉండటం చాలా అరుదు.

కింద గొరిగేసుకున్నా దురద ఎందుకు పోలేదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఈ పేలు అక్కడితో ఆగవు. తొడల మీద, పొట్ట మీద, ఛాతీ మీద, చంకల్లో, గడ్డం మీసాల్లో, కనుబొమ్మల్లో, చివరికి కనురెప్పల వెంట్రుకల్లో కూడా ఉండగలవు. ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువున్న మగవాళ్లకు గొరగడం ఒక్కటే వైద్యం కాదు. చేసింది తప్పేం కాదు, వాటికి ఇల్లు తగ్గింది. కానీ రేజరు గాట్లుంటే మందు రాసినప్పుడు మండుతుంది కాబట్టి అవి ఆరేదాకా ఒకటి రెండు రోజులు ఆగండి. ఆ రేజరు పారేయండి, రూంలో ఎవరూ వాడకూడదు.

ఇక లాడ్జి. మీరు ఉత్తరంలో ఈ ప్రశ్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగినట్టు నాకనిపించింది. అందుకే సూటిగా చెబుతాను. ఈ పేను ఒకరి నుంచి ఇంకొకరికి వెళ్లేది ప్రధానంగా శారీరక సంబంధంలో. వెంట్రుకలకు వెంట్రుకలు ఆనినప్పుడు ఇటు నుంచి అటు పాకుతుంది. ఇది ఎగరదు, దూకదు. ఒంటి వెచ్చదనం, రక్తం లేకుండా ఒకటి రెండు రోజులకు మించి బతకదు. నున్నటి టాయిలెట్ సీటు మీద దాని కాళ్లకు పట్టు దొరకదు. బాత్రూం ఎంత మురికిగా ఉన్నా అక్కడి నుంచి పట్టడం దాదాపు జరగదు. అదే మంచం మీద ముందు రాత్రి ఎవరో పడుకుని, మార్చని దుప్పటి మీద మీరు పడుకున్నా, ఒకరి తువ్వాలు, లోదుస్తులు ఇంకొకరు వాడినా పట్టే అవకాశం కొంచెం ఉంది. కొంచెమే. నెలన్నర కిందటి లాడ్జి బాత్రూం మీదికి నెట్టేయండి అని నేను సలహా ఇవ్వలేను. మీరు ఉత్తరంలో రాయని విషయం ఏదైనా ఉంటే అది నాకు చెప్పనక్కర్లేదు, పరీక్ష చేసే డాక్టరుకు మాత్రం దాచకండి. లేకపోతే అదీ మంచిదే. మొదటిసారి పట్టినప్పుడు దురద మొదలవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఎవరి నుంచి ఎవరికి ఏ రోజు వచ్చిందో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. మీ మీదా, మీ భార్య మీదా ఈ పేనును సాక్ష్యంగా ఎవరూ నిలబెట్టలేరు.

శుభ్రత లేనివాళ్లకే వస్తాయన్న మాట కూడా వదిలేయండి. రోజుకు రెండుసార్లు తలంటుకునేవాళ్లకూ పడతాయి. సబ్బు నీళ్లకు ఇవి చావవు. కుక్కలు, పిల్లుల నుంచి రావు. సరదాకు ఒక మాట: 2007లో వచ్చిన ఒక జన్యు పరిశోధన ప్రకారం ఈ పేను దాదాపు 33 లక్షల ఏళ్ల కిందట గొరిల్లా జాతి నుంచి మన పూర్వీకులకు వచ్చింది. అప్పటి నుంచి మనిషిని వదిలిపెట్టలేదు. మీరొక్కరే ఈ లోకంలో దొరికిపోయిన మనిషి కాదు.

మందుకొద్దాం. ఎక్కువగా వాడేది పర్మెత్రిన్ 1 శాతం లోషన్. షాపులో 5 శాతం క్రీం కూడా ఉంటుంది, అది గజ్జికి ఎక్కువగా రాస్తారు. దాన్ని ఉంచాల్సిన సమయం వేరు కాబట్టి డాక్టరు ఏది రాస్తే దాని పద్ధతే పాటించండి. 1 శాతం అయితే ఇలా: స్నానం చేసి ఒళ్లు తుడుచుకుని బాగా ఆరనివ్వండి. నాభి నుంచి తొడల సగం దాకా, కింద వెంట్రుకలున్న చోటంతా, వెనక మలద్వారం చుట్టూ కూడా పట్టించండి. అక్కడ చాలామంది మరచిపోతారు, మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. ఛాతీ, చంకల్లో వెంట్రుకలుంటే అక్కడా రాయండి. జననాంగం లోపలి తడి భాగాలకు, కళ్ల దగ్గర మాత్రం తగలనివ్వకండి. పది నిమిషాలు గడియారం చూసి ఉంచి, గోరువెచ్చటి నీళ్లతో కడిగేయండి. తర్వాత పేల దువ్వెనతో గానీ గోళ్లతో గానీ ఈపులు తీసేయండి. ఉతికిన బట్టలే వేసుకోండి.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. దురద తగ్గగానే సీసా అటక మీదికి వెళ్తుంది. మూడు వారాలకు మళ్లీ నా దగ్గరికి వచ్చి ‘ఆ మందు పని చేయలేదు సార్’ అంటారు. మందు పని చేసింది, గుడ్ల మీద మాత్రం పూర్తిగా చేయదు. మీరు రాసిన రోజు పెట్టి ఉన్న గుడ్లు ఆరు నుంచి పది రోజుల్లో పొదుగుతాయి. అలా పుట్టిన పిల్లపేను మళ్లీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఆ మధ్యలో, అంటే తొమ్మిదో రోజో పదో రోజో, రెండోసారి మందు రాస్తే కొత్తగా పొదిగినవి గుడ్లు పెట్టకముందే చస్తాయి. క్యాలెండరులో మొదటి తేదీ, రెండో తేదీ రెండూ ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. రెండోదాన్ని దురద ఉన్నా లేకున్నా వదలకండి.

పేలు చచ్చాక కూడా వారం, ఒక్కోసారి రెండు వారాలు దురద ఉండొచ్చు. అది పేను ఉమ్మికి ఒళ్లు చూపే ఎలర్జీ. దురద ఉంది కదా అని రోజూ మందు పూస్తే చర్మం పొడిబారి, పగిలి, ఆ దురద వేరే. దురదకు రాత్రి పూట సెట్రిజిన్ లాంటి మాత్ర డాక్టరును అడిగి వేసుకోవచ్చు. గోక్కున్న చోట చీము పడితే దానికి విడిగా మందు కావాలి. నయమైందా లేదా అని చూడాల్సింది దురదను బట్టి కాదు, లైటు వేసి కదిలే పేను ఉందా అని.

ఒకవేళ కనురెప్పల వెంట్రుకల్లో ఉంటే పర్మెత్రిన్ అక్కడికి పోనివ్వకూడదు. కళ్లకు వాడదగిన వాజలీన్ లాంటి జిడ్డు ఆయింట్‌మెంట్‌ను రెప్పల అంచుకు రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు, పది రోజులు రాస్తారు. అది పేనుకు ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఇది కంటి డాక్టరుకు చూపించి చేయాల్సిన పని, మామూలు వాజలీన్ డబ్బాతో ఇంట్లో ప్రయోగం చేయొద్దు.

బట్టల పని అంత పెద్దదేమీ కాదు, భయపడి రూం మొత్తం తగలబెట్టనక్కర్లేదు. మందు రాయడానికి ముందు రెండు మూడు రోజుల్లో వాడిన లోదుస్తులు, లుంగీ, తువ్వాలు, దుప్పటి, దిండు గలీబు చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో నానబెట్టి ఉతికి, ఎండలో బాగా ఆరేసి, ఇస్త్రీ చేయించండి. 55 డిగ్రీల వేడి ఈ పేలకు, గుడ్లకు చాలు. ఉతకలేని రగ్గుంటే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి రెండు వారాలు పక్కన పెట్టండి. గదిలో మందు స్ప్రే చేయడం, పరుపు మీద పౌడరు చల్లడం దేనికీ పనికిరాదు. రూంమేట్లందరూ మందు రాసుకోవాల్సిన అవసరం లేదు. మీ తువ్వాలో దుప్పటో పంచుకున్నవాళ్లు మాత్రం లైటు వేసి చూసుకోవాలి. తల్లో పేలని చెప్పిన అబద్ధం ఇక్కడ అడ్డొస్తుంది. ‘తల్లో కాదురా, కింద. నా తువ్వాలు వాడి ఉంటే ఒకసారి చూసుకో’ అనండి. నవ్వుతారు. నవ్వి చూసుకుంటారు.

ఇప్పుడు మీ భార్య. ఆమెకు దురద లేదంటే పేలు లేవని కాదు. మీరు వెళ్లి వచ్చి రెండు వారాలే అయింది, దురద ఇంకా మొదలై ఉండకపోవచ్చు. నెల రోజుల్లో మీతో కలిసిన భాగస్వామికి, లక్షణాలు లేకపోయినా, వైద్యం చేయాలన్నది నియమం. ఆమెకు చేయకపోతే ఏమవుతుందో ఆలోచించండి: మీరు రెండుసార్లు మందు రాసుకుని నయమవుతారు, తర్వాతి సెలవుకు పలమనేరు వెళ్తారు, మళ్లీ దురదతో తిరిగొస్తారు. అప్పుడు ఆమెకు ప్రసవం దగ్గర పడి ఉంటుంది. ఇప్పుడు ఒక మాటతో పోయేది అప్పుడు పెద్ద గొడవవుతుంది.

పర్మెత్రిన్ గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా వాడతారు. చర్మం నుంచి ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. అయినా ఐదో నెల కాబట్టి ఆమె చూపించుకుంటున్న డాక్టరుతో ఒక మాట అనుకుని రాసుకోవడం మంచిది. ఆమెకు వద్దనేవి రెండున్నాయి. ఒకటి ఐవర్‌మెక్టిన్ మాత్ర, గర్భిణులకు ఇవ్వరు. రెండోది గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అనే పాత లోషన్, లిండేన్ అని కూడా అంటారు. ఒకప్పుడు మన దగ్గర గజ్జికి, పేలకు అదే రాసేవాళ్లు. అది నరాల మీద పనిచేసే విషం, ఫిట్స్ తెప్పించగలదు. పాత సీసా ఎవరింట్లోనైనా ఉంటే ఆమెకే కాదు, మీరూ ముట్టుకోకండి.

ఎలా చెప్పాలి? ఫోనులో అత్తగారు పక్కన కూర్చుని ఉండగా కాదు. ఈ వారాంతం పలమనేరు వెళ్లండి. తడ నుంచి దూరమే, వెళ్లండి. రెండు సీసాలు మీ బ్యాగులోనే తీసుకెళ్లండి, ఆమెను మెడికల్ షాపుకు పంపొద్దు. గదిలో ఇద్దరే ఉన్నప్పుడు కథ అల్లకుండా మొదలుపెట్టండి: ‘నాకు కింద పేలు పట్టినాయి. నీకూ అంటుకుని ఉండొచ్చంట. బిడ్డకేమీ కాదని డాక్టరు చెప్పినాడు. ఇద్దరం ఒకే రోజు మందు పూసుకోవాలంట.’ మొదటి వాక్యంలోనే విషయం ఉండాలి. లాడ్జి బాత్రూం దగ్గర మొదలుపెడితే ఆమె మిగతాది నమ్మదు. ఎలా వచ్చాయని ఆమె అడుగుతుంది. అడిగే హక్కు ఆమెకుంది. నిజం ఏదైతే అది చెప్పండి. తెలియకపోతే తెలియదనే చెప్పండి. కోపం వస్తే రానివ్వండి, ఆ రాత్రి మందు మాత్రం ఇద్దరూ రాసుకోండి. ఆమెకు పొట్ట అడ్డొచ్చి కింద సరిగ్గా కనబడకపోవచ్చు, మీరు లైటు పట్టుకుని చూడాల్సి రావచ్చు. భర్తగా మీరు చేయాల్సిన పనే అది. ఇద్దరూ రెండోసారి మందు రాసి, కదిలే పేను కనిపించడం లేదని చూసుకునే దాకా కలవకండి. కండోం వేసుకున్నా ఈ పేలు ఆగవు, ఎందుకంటే అవి ఉండేది దాని బయటే.

మీరు అడగని ఒక విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. ఈ పేలు హెచ్‌ఐవీని గానీ, సిఫిలిస్‌ను గానీ మోయవు. కానీ పేలు వచ్చిన దారిలోనే అవీ వస్తాయి. అందుకే ఈ పేలు కనిపించిన ఎవరికైనా ఆ పరీక్షలు చేయించమంటాం. మీ మీద అనుమానంతో కాదు. సిఫిలిస్ తల్లికి ఉండి తెలియకపోతే కడుపులో బిడ్డకు ప్రమాదం. తెలిస్తే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో బాగవుతుంది. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. ఆమెకు చేశారో లేదో కార్డులో చూడండి, చేసి ఉన్నా అది మీరు రెండు వారాల కిందట వెళ్లకముందు చేసిందా, తర్వాతా చూడండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల దాటిన గర్భిణులను డాక్టరు ఉచితంగా పరీక్షిస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది. పరీక్ష మళ్లీ చేయించాలా అని ఆ రోజు అడగడానికి కూడా సులువు.

మీ విషయానికొస్తే తిరుపతి రుయా ఆసుపత్రి చర్మ, సుఖవ్యాధుల ఓపీకి వెళ్లండి. మన రాష్ట్రంలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్‌లున్నాయి. అక్కడ ఇలాంటి జబ్బులే చూస్తారు కాబట్టి మిమ్మల్ని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. ఐసీటీసీ అనే ప్రభుత్వ సలహా, పరీక్షా కేంద్రంలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, ముందు మీతో మాట్లాడి, మీరు ఒప్పుకుంటేనే చేస్తారు. ఫలితం బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ఉంది. తడ నుంచి తిరుపతి దాకా రాలేకపోతే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, దగ్గరలో ఏ కేంద్రం ఉందో చెబుతారు. ఈ మధ్యనే ఏదైనా జరిగి ఉంటే ఇప్పుడు చేసిన పరీక్ష ఒకటే చాలదు, మూడు నెలలకు మరోసారి చేయించాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పేను ఒకటి దొరికితే పారదర్శకంగా ఉండే టేపుకు అంటించి తీసుకెళ్లండి. సూక్ష్మదర్శినిలో పెట్టి నిమిషంలో తేల్చేస్తారు. ఇదెందుకంటే తామర, గజ్జి, పేలు మూడూ ఒకే మనిషికి ఒకేసారి ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ కూడా దురద ఉంటే, రూంలో ఇంకొకరికీ దురద ఉంటే అది గజ్జి కావచ్చు. గజ్జల్లో గుండ్రంగా, అంచు పైకి లేచి, పొట్టు రాలుతుంటే తామర. వాటి మందులు వేరు.

ఇది చదువుతున్న తల్లిదండ్రులకు ఒక మాట, మీకు కాదు. పిల్లల కనురెప్పల్లో ఇలాంటి పేలు కనిపిస్తే, పేలున్న పెద్దవాళ్ల పక్కలో పడుకోవడం వల్ల రావచ్చు. కానీ పిల్లల మీద ఎవరైనా అఘాయిత్యం చేశారేమో అన్నది కూడా తప్పకుండా చూడాలి. పిల్లవాడిని గద్దించి అడగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అనుమానం బలంగా ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

మళ్లీ మీ దగ్గరికి. రెండోసారి మందు రాసిన వారం తర్వాత, ఇద్దరూ లైటు వేసి చూసుకున్నప్పుడు కదిలే పేను ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యానికి దిగకండి. వెంట్రుకకు అంటుకున్న ఖాళీ ఈపులు లెక్కలోకి రావు, అవి వెంట్రుక పెరిగేకొద్దీ దూరంగా జరుగుతాయి. బతికున్నవి కనిపిస్తే కారణం రెండింట్లో ఒకటి: మధ్యలో మళ్లీ అంటి ఉండాలి, లేదా ఆ పేలకు పర్మెత్రిన్ పనిచేయకుండా పోయి ఉండాలి. అప్పుడు మీకు ఐవర్‌మెక్టిన్ మాత్ర బరువును బట్టి లెక్క కట్టి ఇస్తారు, లేదా మాలథియాన్ లోషన్ రాస్తారు. మీ భార్యకు మాత్రం ఏ మందైనా ఆమెను చూసే డాక్టరు చెప్పాకే. ఓపీకి ఇద్దరూ కలిసే వెళ్లండి, మెడికల్ షాపు ఇచ్చిన ఆ ట్యూబు కూడా తీసుకెళ్లండి. అందులో ఏముందో చూస్తే, మీ చర్మానికి ఇంకా ఏమైనా వైద్యం కావాలా అన్నది డాక్టరుకు తెలుస్తుంది.